ఎవరో వస్తరని పెట్టిన పళ్లెం

ఆ మొద్దును జర లోపటికి నూకురా, మంట లేస్తది. ఈ పాటి చలికే అందరు గొంగళ్లల్ల దూరిండ్రు. చలంటే ఏందో నేను చెప్త, వినుండ్రి. కిటికీ అద్దానికి లోపటి దిక్కు మంచు పేరుకుంటే గోటితోని గీకి బయటికి చూడాల్సిన దేశంల ఉన్న నేను. అప్పుడు దాన్ని చెకొస్లొవేకియా అనేటోళ్లు. ఇప్పుడు ఆ పేరు మ్యాపుల లేదు. 1993 జనవరి 1 నాడు చెక్, స్లొవాక్ అని రెండు దేశాలయినయి. నేనున్నది చెక్ దిక్కు. ఇయ్యాల ఆ ముచ్చటనే చెప్త.

మన రామచంద్రాపురంల బీహెచ్‌ఈఎల్ ఫ్యాక్టరీ ఉన్నది గదా, అది 1960లల్ల చెకొస్లొవేకియా సాయంతోని లేచింది. ఆవిరి టర్బైన్లు చేసే పని అప్పటికి మనోళ్లకు కొత్త. మిషన్లు అక్కడికెల్లి వచ్చినయి, నేర్పే ఇంజనీర్లు అక్కడికెల్లి వచ్చిండ్రు, నేర్చుకునే పిలగాండ్లు ఇక్కడికెల్లి అక్కడికి పోయిండ్రు. అట్ల పోయినోళ్లల్ల నేనొకణ్ణి. ఆ దేశం మనకు తెల్వకుండనే మన ఇండ్లల్ల ఉండె. బాటా చెప్పులు మనయే అనుకుంటరు, ఆ కంపెనీ పుట్టింది 1894ల అక్కడి జ్లీన్ అనే ఊర్ల. మైసూరుల తయారైన జావా మోటరుసైకిలు గూడ ఆళ్లదే.

నేను దిగింది 1966ల, ఆకురాలే కాలంల. ఊరి పేరు బ్రనో. చెక్ దిక్కు ప్రాగ్ తర్వాత పెద్ద ఊరు అదే. మీరు బడిల మెండెల్ బటానీ మొక్కల గురించి చదువుతరు, ఆయన ఆ బటానీలు పెట్టింది ఆ ఊరి మఠంలనే. గుట్ట మీద రెండు పొడుగు గోపురాల పెద్ద చర్చి ఉంటది. ఆ చర్చి పన్నెండు గంటలు పదకొండింటికే కొడ్తది. దినాం అంతే. మా షాపుల మేస్త్రి ఒకాయన దాని ముచ్చట చెప్పిండు. 1645ల స్వీడన్ సైన్యం ఊరిని ముట్టడిచ్చింది. నెలల తరబడి కొట్లాడినా కోట పడలె. సేనాపతికి యాష్టకొచ్చి, ఇయ్యాల పగటీలి పన్నెండు కొట్టే లోపట ఊరు చేతికి రాకపోతే సైన్యాన్ని తీసుకొని పోత అన్నడట. ఆ మాట ఊర్లెకు పాకింది. గంట కొట్టెటోడు పదకొండింటికే పన్నెండు కొట్టిండు. సేనాపతి మాట మీద నిలబడి డేరాలు ఎత్తిండు. గంటల సంగతి ఊరు చెప్పుకునే కథ. ముట్టడి, ఊరు నిలబడుడు మాత్రం చరిత్రల ఉన్నది.

మొదట్ల ఆ మనుషులు నాకు సమజ్ కాలె. ట్రాముల ఎదురుంగ కూసున్నోళ్లు నవ్వరు. రోడ్డు మీద పలకరియ్యరు. గాని అదే మనిషి దుకాణంల అడుగు పెట్టంగనే అందరికి వినపడేటట్టు ‘దొబ్రీ దెన్’ అంటడు. దవాఖానల బెంచీ మీద కూసున్న తెల్వనోళ్లకు, రైలు పెట్టెల ముందే ఎక్కి కూసున్నోళ్లకు, లిఫ్టుల ఉన్నోళ్లకు, అందరికి నమస్తే చెప్పినంకనే లోపటికి వస్తరు. పోయేటప్పుడు గూడ చెప్పిపోతరు. చెప్పకపోతే మర్యాద తెల్వని మనిషి కింద జమ. నవ్వుడు వేరు, మనిషిని మనిషిగ లెక్కవెట్టుడు వేరు. రెండోది ఆళ్లు ఎన్నడూ మర్వరు.

ఇంట్లకు పోతే గడప దగ్గరనే బూట్లు ఇడ్వాలె. తెల్లోళ్లు ఇంట్ల గూడ బూట్లతోనే తిరుగుతరని వినిపోయిన నేను. ఈళ్ల దగ్గర ఆ మాట నడ్వదు. తలుపు పక్కన చెక్కపెట్టె ఉంటది, అండ్ల వచ్చేపోయేటోళ్ల కోసం పెద్దయి, చిన్నయి మెత్తటి చెప్పులు. మన కాలుకు సరిపోయేది ఆ ఇంటామెనే ఎతికి ఇస్తది. బడి పిల్లలు గూడ బడిలకు పోంగనే బూట్లు మార్చుకుంటరు. మా అమ్మ పెట్టిన అలవాటే నాకు అక్కడ పనికొచ్చింది.

ఇంకొకటి. ఆ దేశంల చదువుకు మస్తు గౌరవం. ఇరవై నాలుగేండ్ల పోరణ్ణి, మీసాలు గూడ సరిగ రాలె, నన్ను ‘పానె ఇంజెనీరె’ అని పిలిచేటోళ్లు. ఇంజనీరుగారూ అని. డాక్టరును డాక్టరుగారూ అని, మేస్త్రిని మేస్త్రిగారూ అని, ఎవరి పని పేరుతోని ఆళ్లను పిలుస్తరు. ఇంత గౌరవం ఇచ్చేటోళ్లు అన్నం కాడ ఏం జేస్తరో చూడుండ్రి మరి.

ఫ్యాక్టరీల పని పొద్దున ఆరింటికి షురూ. అయిదింటికే ట్రాములు నిండి పోతుండేవి, చీకట్ల, మంచుల. అందుకని పగటి బువ్వ గూడ పెందలాడె. పదకొండు కొట్టంగనే, అంటే చర్చి పన్నెండు కొట్టంగనే, క్యాంటీన్ల వరుస కట్టేటోళ్లం, చేతిల కాగితం టికెట్టు పట్టుకొని. ఆ వరుసల నా ముందర పొద్దంత సుత్తె కొట్టి వచ్చిన ఆయన నల్లటి చేతులు, నా ఎనుక షాపు మొత్తానికి పెద్ద ఇంజనీరు. ఇద్దరికి అదే సూపు, అదే బల్ల. తిన్నంక ఎవరి పళ్లెం ఆళ్లే తీస్కపోయి కిటికీల పెట్టాలె. సాహెబులకు ఒక గది, కూలోళ్లకు ఒక చెట్టునీడ చూసి పెరిగినోణ్ణి నేను. ఆ వరుసల నిలబడ్డ మొదటి దినమే అనుకున్న, ఈ దేశంల నేర్చుకునేది టర్బైను ఒక్కటే కాదని.

బువ్వ సూపుతోని మొదలయితది. సూపు లేకుంటే అది పగటి బువ్వనే కాదు ఆళ్లకు. ఒకనాడు ఆలుగడ్డ, ఎండు పుట్టకొక్కులు, మార్జొరామ్ ఆకు వేసిన సూపు, ఒకనాడు పులిసిన గోబీ సూపు, ఒకనాడు పేగుల సూపు. నా పాణం నిలబెట్టింది ‘చెస్నెచ్కా’ అనే ఎల్లిగడ్డ సూపు. ఎల్లిగడ్డను ఉప్పేసి నూరి, ఉడికిన ఆలుగడ్డ ముక్కలు, సాజీర లాంటి గింజలు వేసి, పైన వేయించిన రొట్టె ముక్కలు చల్లుతరు. మిరపకాయ లేని దేశంల ముక్కుల నీళ్లు తెప్పిచ్చేది అదొక్కటే. చలి చేస్తే అదే మందు, రాత్రి ఎక్కువ తాగినోళ్లకు తెల్లారి అదే మందు. తినే ముందర బల్లకు అవతల ఉన్న తెల్వని మనిషి గూడ ‘దొబ్రొ ఖుత్’ అంటడు, మంచిగ తిను అని. ఆ మాట వినకుండ నేనక్కడ ఒక్క ముద్ద మింగలె.

అది 1966 అని మతిల పెట్టుకోండ్రి. అంతకు ముందటేడు వానలు లేవు, ఆ ఏడు లేవు. బీహార్ల కరువు. అమెరికాకెల్లి గోధుమ ఓడలు ఎప్పుడొస్తయా అని దేశం ఎదురుచూసేది. సోమవారం రాత్రి ఒక్కపొద్దు ఉండుండ్రి అని లాల్‌బహదూర్ శాస్త్రి అడిగితే, ఆయన పోయినంక గూడ మా నాయిన ఆ ఒక్కపొద్దు ఇడ్వలె. అసొంటి ఇంట్లకెల్లి పోయిన నేను మేస్త్రి ఇంట్ల మొదటిసారి రొట్టె కోసుడు చూసిన. మేస్త్రి తల్లి, ముసలామె, అందరు ‘బాబీ’ అని పిలిచేటోళ్లు, అంటే అవ్వ. గుండ్రటి పెద్ద రొట్టెను రొమ్ముకు ఆనిచ్చి పట్టుకొని, కత్తి మొనతోని రొట్టె అడుగున సిలువ గుర్తు గీసింది. అప్పుడు కోసింది. బల్ల మీద పడ్డ రొట్టె పొట్టును అరచేతితోని ఒక్కదగ్గరికి చేసి నోట్లె ఏసుకున్నది. ఆమె మెతుకు పారేసుడు నేను చూడనే లేదు. గట్టివడ్డ రొట్టెను పొడి చేసి చేపకు, మాంసం ముక్కకు అద్ది వేయించేది. నిన్నటి రొట్టెలను చిన్నచిన్న ముక్కలు కోసి క్నెడ్లీకులల్ల కలిపేది.

ఆ క్నెడ్లీక్ సంగతి చెప్పాలె మీకు, ఎందుకంటే అది లేని చెక్ ఇల్లు లేదు. గరుకు గోధుమపిండిల గుడ్డు, పాలు, పులిసిన ఈస్టు, ఉప్పు, ఆ రొట్టె ముక్కలు వేసి పిసుకుతరు. పొంగినంక మూరెడంత పొడుగు ముద్దలు చేసి సలసల కాగే నీళ్లల్ల ఇడుస్తరు. ఇరవై నిమిషాలకు తీయంగనే ఫోర్కుతోని పొడ్వాలె, లోపటి ఆవిరి బయటికి పోవాలె, లేకుంటే ముద్ద కుంగి గట్టిగైతది. ఇంక కోసుడు. కత్తి పెడ్తే మెత్తటి ముద్ద అణిగిపోతది. అందుకని బాబీ కుట్టుదారం తీసి ముద్ద కిందికెల్లి తోసి, రెండు కొసలు పైకి తెచ్చి, అడ్డంగ మలిపి గుంజేది. ముక్క టపీమని ఊడి పడేది, అంచు చెదరకుండ. నా చేతికి దారమిచ్చి నేర్పింది. టర్బైన్ రెక్కల మధ్య సందు కొలిచే పని నేర్చుకునేటప్పుడు మేస్త్రి నాకు ఎంత ఓపికతోని చెప్పిండో, ఆయన తల్లి వంటింట్ల అంతే ఓపికతోని చెప్పింది.

క్నెడ్లీక్ వట్టిగ తినరు. దానికి గ్రేవీ కావాలె. ఆదివారాలు, పెండ్లిళ్లు అంటే ‘స్వీచ్కొవా’. క్యారెట్టు, సెలెరీ గడ్డ, పార్స్‌లీ వేర్లు మాంసంతోని ఉడికిచ్చి, మెత్తగ చేసి, మీగడ పోసి చిక్కటి గ్రేవీ చేస్తరు. పక్కన నిమ్మచెక్క, ఎర్రటి పుల్ల పండ్ల జాము. అండ్ల ఉండేది గొడ్డుమాంసం. నేను తిననని చెప్పిన. బాబీ మొఖం మాడ్చుకోలె, ఎందుకని అడగలె. మరుసటి ఆదివారం నా కోసం వేరే వంట చేసి పెట్టింది. మూత తీయంగనే వాసన నాకు తెలిసిందే. సోయకూర! మా అమ్మ పెసరపప్పుల వేసే సోయకూర. ఆళ్లు దాన్ని సన్నగ తరిగి, మీగడతోని పులుసు చేసి, ఉడికిన గుడ్డు, క్నెడ్లీక్ పెట్టుకొని తింటరు. దోసకాయ ఊరవెట్టినా అదే ఆకు, పూతతోని సహా. ఊరు ఇడిచిపెట్టినంక మొదటిసారి కడుపు నిండిందనిపిచ్చింది ఆ పొద్దు.

గసగసాలు గూడ అట్లనే. మనం మసాలాల చిటికెడు వేస్తం. ఆ దేశం దునియల గసగసాలు ఎక్కువ పండిచ్చే దేశాలల్ల ఒకటి. ప్రతి వంటింట్ల బల్ల అంచుకు బిగిచ్చే చిన్న మర ఉంటది, గసాలు విసిరేదానికే. విసిరిన గసాలు, చక్కెర, కరిగిన వెన్న కలిపి ఉడికిన నూడుల్స్ మీద పోసి బువ్వ లెక్క తింటరు. అల్‌బుకారా పండ్లను పిండి ముద్దల పెట్టి ఉడికిచ్చి, పైన చక్కెర, వెన్న వేసి, అది గూడ బువ్వనే అంటరు. తీపిని పూట బువ్వగ తినుడు నాకు మనసుకు ఎక్కలె, ఇప్పటికి ఎక్కదు. ఆ ఇంటి పిల్లలకు మాత్రం అదే పండుగ.

బాబీ ఆస్ట్రియా చక్రవర్తి రాజ్యంల పుట్టింది. 1918ల చెకొస్లొవేకియా అయింది. 1939ల హిట్లర్ సైన్యం వచ్చి ఇంటి ముందరికెల్లే పోయింది. 1945ల జర్మనోళ్లు పోయిండ్రు, 1948ల కమ్యూనిస్టులు గద్దెనెక్కిండ్రు. ఆమె మాత్రం ఆ ఇల్లు ఇడిచి ఎక్కడికీ పోలె. నేను నిజాం రాజ్యంల పుట్టిన. ఆరేండ్లకు పోలీసు యాక్షన్ అయింది, తర్వాత హైదరాబాద్ స్టేట్, 1956ల ఆంధ్రప్రదేశ్, ముసలితనంల తెలంగాణ. నేను గూడ ఊరు మార్వలె, పై పేర్లే మారినయి. అందుకేనేమో ఆమె ముచ్చట చెప్తుంటే నాకు భాష సగమే తెలిసినా మొత్తం అర్థమయ్యేది. రాజ్యం ఎవరిదైనా క్నెడ్లీక్ అదే దారంతోని కోసింది ఆమె. రొట్టె మీద సిలువ గుర్తు పెట్టుడు ఇడ్వలె. దేవుని పేరెత్తితే పై అధికారులకు నచ్చని కాలం అది.

ఇగ క్రిస్మస్. ఆళ్లకు అసలు పండుగ డిసెంబర్ 24 రాత్రి. దానికి నాలుగు దినాల ముందుకెల్లి బజార్లల్ల పెద్దపెద్ద నీళ్ల తొట్లు పెడ్తరు, అండ్ల బతికున్న చేపలు. కార్ప్ చేప, మన బొచ్చె, రవ్వుల కుటుంబమే. అడిగినోళ్లకు అక్కడనే కోసిస్తరు, లేకుంటే బతికున్నదాన్ని సంచిల ఏసుకొని పోతరు. మేస్త్రి దాన్ని తీస్కొచ్చి స్నానపు తొట్టిల ఇడిచిండు. పండుగ దాక ఇంట్ల ఎవరికీ స్నానం లేదు. పిల్లలు దానికి పేరు పెట్టిండ్రు, పొద్దంత తొట్టి కాడనే. కోసే దినం ఏడుపు. మేస్త్రి చేతిల కత్తి ఉన్నా ఆయన మొఖం గూడ ఏడుస్తున్నట్టే ఉండె.

ఆ దినమంత ఒక్కపొద్దు. రాత్రి దాక ఏమీ తినకపోతే గోడ మీద బంగారు పందిపిల్ల కనపడ్తదని పిల్లలకు చెప్తరు. చుక్క పొడిచినంక బల్ల కాడ కూసుంటరు. చేప తలకాయలు, జన వేసి చేసిన సూపు, బార్లీల ఎండు పుట్టకొక్కులు, ఎల్లిగడ్డ వేసి చేసిన ‘కుబా’, పొడి అద్ది వేయించిన చేపముక్కలు, ఆలుగడ్డ సలాడు. ఆ బల్ల మీద ఎప్పుడూ ఒక పళ్లెం ఎక్కువ పెడ్తరు. అనుకోని చుట్టం ఎవరన్న తలుపు కొడ్తే ఆ పళ్లెం ఆళ్లది. ఏండ్ల తరబడి ఖాళీగుండే పళ్లెం అది. ఆ ఏడు బాబీ నన్ను ఆ పళ్లెం ముందర కూసోబెట్టింది. ఒక్కసారి కూసున్నంక అందరు తినే దాక ఎవరు లేవద్దు, లేస్తే కీడు అంటరు. తిన్నంక ఆపిల్ పండు అడ్డంగ కోసిండ్రు, నడుమ గింజల గూడు చుక్కోలె కనపడితే వచ్చే ఏడంత ఆరోగ్యం. నాది చుక్కనే వచ్చింది. చేప పొలుసు ఒకటి కడిగి ఆరవెట్టి నా పైసల పర్సుల పెట్టింది బాబీ, ఏడాది పొడుగు పైసలు తక్కువ కావద్దని. పక్క గదిల చిన్న గంట మోగింది. పిల్లలు ఉరికిండ్రు. బాల ఏసు వచ్చి సామాన్లు పెట్టిపోయిండని. ఎర్రటోపీ తాత ఆళ్లకు లేడు.

ఆ చేపలు ఎక్కడియి అని నేను అడుగుతుంటే, మరుసటేడు ఆకురాలే కాలంల మేస్త్రి నన్ను రైల్ల త్ర్షెబొన్‌కు తీస్కపోయిండు. దక్షిణ బొహీమియాల ఊరు అది. అక్కడ దిగి చూసి నేను నోట మాట లేక నిలబడ్డ. చెరువులు! కట్ట, తూము, అలుగు, ఒక చెరువు నీళ్లు ఇంకో చెరువుకు. పాఖాల, రామప్ప కట్టిన కాకతీయుల గొలుసుకట్టు చెరువులను ఎవరో తీసి మంచుదేశంల పెట్టినట్టు. అన్నిట్లకు పెద్దది రోజ్‌మ్‌బెర్క్ చెరువు. 1584 నుంచి 1590 దాక యాకుబ్ క్రచీన్ అనే ఆయన కట్టిచ్చిండు. అంతకు ముందే, ఆ నూరేండ్ల మొదట్లనే, ష్టెపానెక్ నెతొలిట్స్కీ అనే ఆయన సుమారు 45 కిలోమీటర్ల కాలువ తవ్విచ్చి మస్తు చెరువులకు నీళ్లు తిప్పిండు. బురద నేలను, మడుగులను అట్ల చేపల పంటగ మార్చిండ్రు. కట్ట మీద వరుసగ పాత ఓక్ చెట్లు, ఆ వేర్లు కట్టను పట్టుకొని ఉన్నయి. 2002ల ఆ దేశానికి పెద్ద వరద వచ్చినప్పుడు రోజ్‌మ్‌బెర్క్ కట్ట తెగలేదని పేపర్ల చదివి మస్తు సంబరపడ్డ నేను.

నీళ్లు దినాల తరబడి మెల్లగ ఇడిచి, చేపలన్ని లోతు జాగలకు చేరినంక, తెల్లారంగనే వలలు లాగుతరు. పొగమంచుల ఆ వల దగ్గరికి వస్తుంటే నీళ్లు ఉడుకుతున్నట్టు కనపడ్డది, అండ్ల చేపలు అన్ని ఎగురుతున్నయి. సైజుల లెక్కన ఏరి, తొట్లల్ల వేసి తీస్కపోతరు. వెంటనే అమ్మరు. పారే తేట నీళ్లల్ల వారాల తరబడి ఉంచుతరు, బురద వాసన పోయే దాక. అప్పుడు క్రిస్మస్ బజారుకు. నాలుగు వందల ఏండ్ల కింద కట్టిన కట్టను ఇప్పటికి పూడిక తీసుకుంట, తూము బాగుచేసుకుంట నడుపుతున్నరు. మన ఊరి చెరువు శిఖంల ప్లాట్లు వేసిన సంగతి మీకందరికి తెలుసు. నాకు కోపం వస్తది ఆ మాట ఎత్తితే, ఇయ్యాల ఎత్తను.

కొత్త సంవత్సరం నాడు ఏం తింటరో చెప్తే నమ్మరు. పప్పు! మసూర్ పప్పు, పొట్టుతోని. పుల్లగ, జర తియ్యగ చేసి, మీద గుడ్డు, పక్కన ఊరవెట్టిన దోసకాయ. పప్పు గింజలు పైసల లెక్క ఉంటయని, ఆ దినం తింటే ఏడంత పైసలుంటయని నమ్మకం. ఆ దినం కోడి మాత్రం వండరు, అదృష్టం రెక్కలు కట్టుకొని ఎగిరిపోతదని. నేను రెండు పళ్లేలు తిన్న. బాబీ ఖుషీ అయింది. చింతపండు లేని లోటు సిర్కా తీర్చింది.

ఆ దేశపోళ్లు అసలు సంతోషంగ ఉండేది మాత్రం ఇంట్ల గాదు, అడవిల. శనివారం వచ్చిందంటే ఊరు ఖాళీ. అడవిల దారులకు చెట్ల మీద రంగు పట్టీలు గీసి ఉంటయి, రెండు తెల్ల పట్టీల నడుమ ఎరుపో, నీలమో, పచ్చో. 1889లనే ఆ గుర్తులు పెట్టుడు మొదలుపెట్టిండ్రు. ఆ పట్టీ పట్టుకొని పోతే ఎక్కడా తప్పిపోవు. ఎండకాలం పోయి వానలు పడ్డయా, ఇంటిల్లిపాది గంపలు పట్టుకొని పుట్టకొక్కులకు బయల్దేరుతరు. ఎవరి అడవైనా, ఎవరైనా ఏరుకోవచ్చు. ఎక్కడ దొరుకుతయో మాత్రం పక్కింటోళ్లకు చెప్పరు. బాబీ నాకు చూపెట్టింది: టోపీని పైకెల్లి చూసి మురవద్దు, తిప్పి అడుగు చూడాలె, కాడ చూడాలె, అనుమానం ఉంటే ముట్టుకోవద్దు. ఇంటికొచ్చినంక సన్నగ కోసి పాత పేపర్ల మీద పొయ్యి పక్కన ఆరవెట్టేది. ఆ వాసన చలికాలమంత ఆ ఇంట్ల ఉండేది.

పొద్దుమీకినంక అడవిల నెగడు వేసేటోళ్లు. లావాటి చిన్న సాసేజీలు, రెండు కొసలు సిలువ తీరుగ కోసి, పుల్లకు గుచ్చి మంట మీద కాలుస్తరు. కొసలు పువ్వోలె ఇచ్చుకుంటయి. ఒకరు గిటారు అందుకుంటరు, తక్కినోళ్లందరికి పాటలు నోటికొస్తయి. ఫ్యాక్టరీల గొంతు తగ్గించి మాట్లాడే మనుషులు అక్కడ గొంతెత్తి నవ్వేటోళ్లు. ఆ కాలంల మాటలు తూకం వేసుకొని మాట్లాడాల్సి ఉండె. ఎవరు వింటున్నరో తెల్వదు. అడవిల చెట్లు ఎవరికీ చెప్పవు గదా.

బీరు ముచ్చట అడుగుతరని తెలుసు, నవ్వకుండ్రి. మనిషికి ఇన్ని లీటర్లు అని లెక్క తీస్తే దునియల అందరికన్న ముందు చెక్కోళ్లే. పిల్జెన్ అనే ఊర్ల 1842ల యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా ఆయన వండిన బంగారు రంగు బీరే ఇయ్యాల అన్ని దేశాలల్ల తాగే తేట బీరుకు మొదలు. అక్కడి బీరు దుకాణంల ఖాళీ కుర్చీ ఉంటే ఏ బల్ల అయినా అడిగి కూసోవచ్చు. గ్లాసు ఖాళీ అయితుంటేనే దుకాణపాయన అడగకుండ ఇంకోటి తెచ్చి పెట్టి, కాగితం ముక్క మీద ఒక గీత గీసి పోతడు. చాలు అనుకుంటే గ్లాసు మీద అట్టముక్క పెట్టాలె. గ్లాసులు తాకిచ్చేటప్పుడు ఎదుటోళ్ల కండ్లల్లకు చూడాలె. ప్రొఫెసరు, ట్రాము నడిపేటాయన ఒకే బల్ల మీద గంటలు గంటలు వాదులాడుకునుడు నేను అక్కడ చూసిన.

1968 ఎండకాలం రాకముందే నేను ఇంటికొచ్చిన. ఆ ఏడు జనవరిల దుబ్‌చెక్ అనే ఆయన అక్కడి కమ్యూనిస్టు పార్టీకి పెద్ద అయిండు, పేపర్లు రాయాలనుకున్నది రాసుడు మొదలైంది. మేస్త్రి ఉత్తరాలు మునుపటికన్న పొడుగొచ్చేటివి. ఆగస్టు 21 నాడు రేడియోల విన్న, సోవియట్ ట్యాంకులు దేశంల దిగినయని. దారి తెల్వకుండ చెయ్యాలని జనం ఊర్ల పేర్ల బోర్డులు పీకేసిండ్రట, తిప్పి పెట్టిండ్రట. ఉత్తరాలు ఆగిపోయినయి. మస్తు నెలలకు ఒకటొచ్చింది. ఆ ఏడు పుట్టకొక్కులు మంచిగ పడ్డయని, అమ్మ కుశలమని, ఆలుగడ్డలు బస్తాలకెత్తినమని రాసిండు. ట్యాంకుల మాట లేదు. ఉత్తరాలు ఇప్పి చదివేటోళ్లు ఉన్నరని నాకు తెలుసు. ఏం రాయలేదో అదే చదువుకున్న నేను.

మన ఇంటికి రమ్మని నేను రాసిన ప్రతి ఉత్తరంల రాసిన. ఆళ్లకు దేశం దాటనిచ్చే కాగితం దొరకలె. 1989ల ఆ రాజ్యం పోయి దార్లు తెరిచే నాటికి బాబీ లేదు, మేస్త్రికి మంచం దిగే తాకతు లేదు. తర్వాత మీ అత్త ప్రాగ్‌ల కొలువు చేసేటప్పుడు నేను మళ్ల పోయి వచ్చిన. మూలమూలకు వియత్నామోళ్ల కిరాణా దుకాణాలు, అద్దాల మాల్లు, మిరపకాయలు గూడ దొరుకుతున్నయి. చెప్పుల పెట్టె తలుపు పక్కననే ఉన్నది. డిసెంబర్ 20కి చేపల తొట్లు రోడ్డు మీద పెట్టిండ్రు.

మీలో ఎవరన్న చదువుకో, కొలువుకో ఆ దిక్కు పోతరు, ఇప్పుడు మస్తు మంది పోతున్నరు. హాస్టల్ గదిల కుక్కర్ పెట్టుకొని మనోళ్ల నడుమనే తిరిగి రాకుండ్రి. దుకాణంల కాలు పెట్టంగనే దొబ్రీ దెన్ అనుండ్రి. ఎవరన్న ఇంటికి పిలిస్తే పూలు పట్టుకపోండ్రి, మూడో అయిదో ఏడో. జత లెక్క వద్దు, ఆ లెక్క సావుకు తీస్కపోయే పూలది. పెట్టిన సూపు తాగుండ్రి. తిననిది ఉంటే ముందుగాలనే చెప్పుండ్రి, ఆళ్లు నొచ్చుకోరు. ఆళ్లల్ల ఒక్కరినన్న ఇక్కడికి తీసుకొచ్చి మన ఇంట్ల కూసోబెట్టి పప్పు, పచ్చిపులుసు, సోయకూర పెట్టుండ్రి. బాబీకి, మేస్త్రికి నేను ఒక్క పూట గూడ బువ్వ పెట్టలేకపోయిన. ఆ బాకీ మీరు తీర్చాలె.